నలభై మందికి ఒక పుస్తకం

చిత్తూరులో ఆడపిల్లల బడిలో టీచరుగా చేరేటప్పటికి నాకు ఇరవై ఒక్క ఏండ్లు. యుద్ధం జరగతా ఉన్న రోజులు. బియ్యం, కిరసనాయిలు కార్డుల మీద ఇచ్చేవాళ్ళు. కాగితానికి కార్డు కూడా లేదు, దొరికితే దొరికినట్టు, లేకుంటే లేదు. నాకు ఏడో తరగతి భూగోళం అప్పజెప్పినారు. తరగతిలో నలభై మంది పిల్లోళ్ళు. చదవను పనికొచ్చే పుస్తకం ఒకటే ఉండేది. అది నా బల్లమీదది.

బజారులో పుస్తకాల అంగడాయన నన్ను చూస్తేనే చేతులు తిప్పేసేవాడు. "రాలేదు తల్లీ. మద్రాసులో కాగితం లేదంట, అచ్చెయ్యలేదంట" అనేవాడు. నేనే ఆ పుస్తకం అచ్చేసే మద్రాసు కంపెనీకి రెండు పోస్టుకార్డులు రాసినాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి, కాగితం కోటా వచ్చినాక కొత్తది అచ్చేస్తామని రెండు వరసల్లో రాసినారు. ఎప్పుడో చెప్పలేదు.

నేను పాఠం చదివితే పిల్లోళ్ళు వినేవాళ్ళు. విన్నది మర్నాటికి సగం ఉండేది కాదు. గంట కొట్టినాక పదిమంది నా బల్ల చుట్టూ చేరి పుస్తకంలోకి తలలు దూర్చేవాళ్ళు. వెనకాల ఉన్నోళ్ళకు జడలు తప్ప ఏమీ కనిపించేది కాదు. వాళ్ళల్లో ఒక పాప ఊరి బయటి పల్లె నుంచి నడిచి వచ్చేది. వాళ్ళకు నాలుగు గుంటల మెట్ట చేను ఉంది. చేలో పని పడిన రోజుల్లో వారానికి మూడు దినాలు వచ్చేది, మూడు దినాలు వచ్చేది కాదు. ఒకరోజు నా దగ్గరికొచ్చి, "పుస్తకం ఒక రాత్రికి ఇయ్యండి టీచరమ్మా, పొద్దున్నే తెచ్చిస్తా" అని అడిగింది. ఇయ్యలేకపోయినాను. అది పోతే ఇంకోటి లేదు.

ఇంటికొచ్చి నాయనతో చెప్పినాను. నాయన కోర్టులో నకలు గుమాస్తా. తీర్పులు, దావాలు, దస్తావేజులు చూసి రాయడం ఆయన పని. ముప్ఫై ఏండ్లుగా అదే. రాసిన ప్రతిదాని కిందా 'అసలుకు సరియైన నకలు' అని రాసి పైవాళ్ళ సంతకానికి పంపేవాడు. ఆయన చేతిరాత చూసి వకీళ్ళు అచ్చు మాదిరి ఉందనేవాళ్ళు. నాయన నా మాట విని, "ముందు టైపు మిషను రానప్పుడు ఆఫీసులో నోటీసులన్నీ జెల్లీ మీద తీసేవాళ్ళం పాపా. ఆ పళ్ళెం మనమూ చేసుకోవచ్చు" అన్నాడు.

వడ్రంగులు వాడే సరేసు జిగురు, గ్లిజరిను కలిపి కాచి వెడల్పాటి రేకు పళ్ళెంలో పోస్తే చల్లారినాక జున్ను మాదిరి గడ్డకడతాది. ఊదా సిరాతో రాసిన కాగితాన్ని దాని మీద బోర్లించి ఉంచితే అక్షరాలు జెల్లీకి అంటుకుంటాయి. తర్వాత దాని మీద ఒక్కో తెల్లకాగితం పరిచి అరచేత్తో ఒత్తి తీస్తే చాలు, నకలు వస్తాది. ముప్ఫై దాకా బాగా వస్తాయి, తర్వాత పాలిపోతాయి; నలభై మందికి కావాలంటే ఒక్కో పేజీ రెండు సార్లు రాయాల. సరేసు కంపుకు అమ్మ ఆ పళ్ళాన్ని వంటింటి గడప దాటనియ్యలేదు. వసారాలో మూడు రాళ్ళు పెట్టి కాచినాం. కాగితాలకు పిల్లోళ్ళనే అడిగినాను. ఒకపక్క ఖాళీగా ఉండే పాత కాగితాలు తెమ్మన్నాను. పాత బిల్లులు, పెండ్లిపత్రికలు, పంచాంగం వెనక పేజీలు, ఏవుంటే అవి తెచ్చినారు.

పుస్తకంలో పద్నాలుగు పాఠాలు. మన జిల్లా గురించి ఉండే మూడు పాఠాలే తీద్దామనుకున్నాం. పరీక్షలో ఎక్కువగా వచ్చేవి అవే. నాయన ఆదివారమంతా వసారాలో కూర్చుని రాసినాడు. ఒకచోట ఆగి నన్ను పిలిచినాడు.

"ఇది చూడు. మన నీవా ఏరు పోయి స్వర్ణముఖిలో కలుస్తాదని ఉండాది."

"తప్పు నాయనా. పాలారులో కదా కలిసేది. నేను క్లాసులో ఎప్పుడూ నోటితో దిద్దే చెప్తాను. నువ్వు సరిగా రాసెయ్."

నాయన ఒప్పుకోలేదు. "నకలు రాసేవాడు అసలులో తప్పుంటే తప్పునే రాయాల. దిద్దే పని మనది కాదు" అని స్వర్ణముఖి అనే రాసినాడు.

సోమవారం ఆ కాగితాలు పంచితే పిల్లోళ్ళు గోల గోల చేసినారు. ఇంటికి తీసుకుపోవచ్చా అని నలభై మందీ నలభై సార్లు అడిగినారు. మర్నాడు చాలామంది సూదీ దారంతో కుట్టుకుని, పాత గుడ్డతో అట్టలు వేసుకుని వచ్చినారు. అందరి వేళ్ళకూ ఊదారంగే. పల్లె పాప రెండు దినాలు రాలేదు. మూడో దినం వచ్చి, చేలో గట్టుమీద కూర్చుని చదువుకున్నానని, ఒక పాఠం ఆగకుండా అప్పజెప్పింది. ఆ సాయంత్రం నాయనతో చెప్తే, "కోర్టు నకలు ఒకసారి చూసి మూట కట్టేస్తారు. నేను రాసింది ఎవురైనా ఇన్నిసార్లు చదివేది ఇదే" అని నవ్వినాడు. నాయన నవ్వేది తక్కువ. ఆ మాట నాకు బాగా గుర్తుంది.

కాణిపాకం పక్క బడి నుంచి ఒక అయివారు వచ్చి తనకూ ఆ కాగితాల జత ఒకటి కావాలంటే ఇచ్చినాను. ఇయ్యకూడదని నాకు తోచనే లేదు.

నెల గడిచినాక మద్రాసు కంపెనీ ఏజెంటు బడికి వచ్చినాడు. ప్రతి ఏడూ కొత్త పుస్తకాలు చూపించను వస్తాడంట. నడివయసు మనిషి, చెమటకు కోటు వీపుకంతా అంటుకుపోయింది. కాఫీ ఇస్తే అరవంలో "వేండామ్మా" అని, వద్దని, నీళ్ళు అడిగి తాగినాడు. హెడ్‌మిస్ట్రెస్‌తో మాట్లాడి వరండాలో పోతాపోతా మా తరగతి గుమ్మంలో నిలబడినాడు. ముందు బెంచీలో పిల్ల చేతిలో కాగితాలు అడిగి తీసుకుని చూసినాడు. తిప్పితిప్పి చూసినాడు.

"ఎవురమ్మా సేసింది?"

"నేనే. పుస్తకాలు దొరకలేదు, మీకు రెండు కార్డులు కూడా రాసినాను."

ఆయన సంచిలో నుంచి నమూనాకు తెచ్చుకున్న మా భూగోళం పుస్తకమే తీసి, లోపలి పేజీ తెరిచి చూపించినాడు. సర్వహక్కులు ప్రకాశకులవి అని చిన్న అక్షరాలతో ఉంది. నేను ఆ పేజీని వంద సార్లు తిప్పి ఉంటాను, ఒక్కసారి కూడా చదవలేదు.

"నేను అమ్మలేదు" అన్నాను.

"అమ్మినారని నేను అనలేదమ్మా" అన్నాడు. "నేను చూసినాక చూడలేదని రాయలేను. కంపెనీకి ఎట్లనో తెలుస్తాది, అప్పుడు నన్ను అడుగుతారు." ఆ పిల్ల దగ్గర ఒక జత అడిగి తీసుకుని సంచిలో పెట్టుకున్నాడు. ఆ పిల్ల ఏడుస్తా ఉంటే ఆయన తల వంచుకుని పోయినాడు.

పదైదు దినాలకు హెడ్‌మిస్ట్రెస్ పేరుమీద వకీలు నోటీసు వచ్చింది. తీసిన నకళ్ళన్నీ అప్పగించాల, ఇంక తీయమని, తప్పయిందని రాసియ్యాల, లేదంటే దావా వేస్తాం అని ఉంది. చివర ఇంకో మాట. నకళ్ళలో రాత సర్కారు ఉద్యోగి ఒకరిదని తెలిసింది, జవాబు రాకపోతే ఆయన పైఅధికార్లకు తెలియజేస్తాం అని. కంపెనీ తరఫు వకీలు చిత్తూరు కోర్టులోనే ఉన్నాడు. నాయన రాత ఆయనకు రోజూ కనపడేదే.

హెడ్‌మిస్ట్రెస్ మంచి మనిషి, భయస్తురాలు. నోటీసును నా చేతికిచ్చి, "బడికి గ్రాంటు ఆపేస్తే నేనేం చేసేది? నిన్ను నేను తప్పు పట్టడం లేదు. నాకేమీ తోచడం లేదు" అంది. ఇంట్లో నాయన ఆ కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ పూట అన్నం కెలికి లేచినాడు. ఆయన పెన్షనుకు ఇంకా నాలుగేండ్లు ఉంది.

నాయనకు తెలిసిన పెద్ద వకీలు ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గరికి మేమిద్దరం పోయినాం. ఆయన మమ్మల్ని వసారాలో కూర్చోబెట్టి విన్నాడు.

"చట్టంలో ఒక దారి ఉండాదమ్మా. సొంత చదువు కోసం న్యాయంగా వాడుకుంటే తప్పు కాదని. ఒక పిల్ల పుస్తకం చూసి తనకోసం తాను రాసుకుంటే ఎవురూ అడగలేరు. నువ్వు నల్లబోర్డు మీద రాసి పిల్లోళ్ళను చూసి రాసుకోమన్నా దానికి పెద్ద ఇబ్బంది ఉండదనుకుంటా. నువ్వు ఒకటి రాసి నలభై తీసి పంచినావు. అదీ చిక్కు."

"పుస్తకమే దొరకడం లేదు సార్."

"దొరికిందా లేదా అని చట్టం అడగదు."

"పద్నాలుగు పాఠాల్లో మూడే కదా తీసింది. ఎంత వరకు తీస్తే న్యాయం?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది జడ్జి చెప్తాడు."

"ముందుగా తెలుసుకోవాలంటే?"

"ముందుగా తెలిసే దారి లేదమ్మా. దావా పడినాక తెలుస్తాది. నువ్వు గెలిచినా గెలవొచ్చు, నేను కాదనను. అంతదాకా మీ నాయన ఉద్యోగం ఏమవుతాదో ఆలోచించుకో. బడి బయట ఎవురికైనా ఇచ్చినావా?"

కాణిపాకం అయివారి సంగతి చెప్పినాను. ఆయన తల ఆడించినాడు. మేము లేచి వస్తా ఉంటే, "ఆ పుస్తకం రాసినాయన బతికే ఉన్నాడంట, తిరుపతిలో. ఒకసారి పోయి అడగండి. ఆయన ఒక మాట రాస్తే కంపెనీ మెత్తబడొచ్చు" అన్నాడు.

శనివారం నాయన సెలవు పెట్టినాడు. ఇద్దరం పొద్దుటి రైలెక్కి పాకాల మీదుగా తిరుపతికి పోయినాం. బండినిండా కొండకు పోయే జనం. నాయన దోవంతా ఒడిలో పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. స్టేషన్లో జట్కా ఎక్కి అలిపిరి పోయే దారి అడిగినాం. ఆ దారిలోనే ఒక సందులో పెంకుటిల్లు. రాసినాయన రిటైరైన హెడ్మాస్టరు, చూపు మందగించి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోనుండాడు. నాయన చెప్పింది ఆయన ఆఖరిదాకా అడ్డం రాకుండా విన్నాడు.

"మీరు నన్ను అనుమతి అడగను వచ్చినారా అప్పా?" అన్నాడు. "రాసింది నేనే. ఆ కొండలూ ఏర్లూ కాలినడకన తిరిగి చూసి రాసినాను. రాసి ఒకేసారి వాళ్ళకు ఇచ్చేసినాను. సంతకం పెట్టినాను. ఇంక నాకు దాంట్లో ఒక్క అక్షరం మీద కూడా హక్కు లేదు."

"ఒక మాట రాసిస్తే చాలన్నారయ్యా" అన్నాను నేను.

"రాసిస్తానమ్మా, నాకేం పోయింది. వాళ్ళు వింటారా? నేను ఇన్నేండ్లుగా ఒక తప్పు దిద్దమని రాస్తా ఉండాను. నీవా ఏరు పాలారులో కలుస్తాదని నేను రాస్తే, అచ్చులో స్వర్ణముఖి అని పడింది. ప్రతి అచ్చుకూ రాస్తాను, ప్రతి అచ్చులో అట్లే వస్తాది." ఆయన ముందుకు వంగి, "నీ నకళ్ళలో దాన్ని దిద్దినావా తల్లీ?" అని అడిగినాడు.

నేను నాయన వైపు చూసినాను. నాయన తల వంచుకున్నాడు. "లేదయ్యా" అన్నాడు. "నేను నకలు గుమాస్తాను. ఉండేది ఉన్నట్టే రాసినాను."

ఆ ముసలాయన మళ్ళీ కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. తర్వాత, "దిద్దింటే బాగుండు" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ మాటకు నాయన ముఖం ఎట్లా అయిందో చెప్పలేను. నాయన అంత చిన్నబోయింది నోటీసు వచ్చినప్పుడు కూడా చూడలేదు.

ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది. ఆయన చెప్తా ఉంటే నాయన ఒక కాగితం మీద రాసినాడు, ఆయన తడుముకుంటా సంతకం పెట్టినాడు. బడిపిల్లల కోసం తీసిన నకళ్ళను కంపెనీవారు మన్నించవలసిందని కోరుతున్నాను, అని. మేము బయల్దేరతా ఉంటే ఆయన, తన దగ్గర ఆ పుస్తకం ఒక్క ప్రతి కూడా లేదని, ఎవురో చదివి ఇస్తామని తీసుకుపోయి ఇయ్యలేదని చెప్పినాడు. నాయన చేతిలో పుస్తకం వైపు ఒకసారి చూసినాను. అది బడిది.

ఆ ఉత్తరాన్ని కంపెనీ వకీలుకు పంపినాం. హక్కులు గ్రంథకర్తవి కావు కాబట్టి ఆయన మన్నింపుతో నిమిత్తం లేదని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది.

ఇంక చేసేది లేక ఒక బుధవారం పిల్లోళ్ళను కాగితాలన్నీ తీసుకురమ్మన్నాను. ఎందుకని అడిగితే చెప్పినాను. వాళ్ళకు ఏం అర్థమైందో తెలీదు. ఒక్కొక్కరే లేచి వచ్చి నా బల్లమీద పెట్టి పోయినారు. గుడ్డ అట్టల మీద రంగుదారంతో పూలు కుట్టినవి, తమ పేర్లు కుట్టినవి ఉన్నాయి. ఒక పిల్ల అట్ట మాత్రం ఊడదీసుకుంటానంటే సరే అన్నాను. పల్లె పాప తన జత తెచ్చి పెట్టి అక్కడే నిలబడి, "మేము తప్పు చేసినామా టీచరమ్మా?" అని అడిగింది.

"లేదు" అన్నాను.

"మీరా?"

నేను ఆ జతను మిగతావాటిలో సర్దినాను. తెలిసి చెప్పకపోవడం కాదు, నిజంగానే నాకు తెలీలేదు. ఆ పాప కాసేపు చూసి పోయి కూర్చుంది.

వాటిని తీసుకుపోను వచ్చింది ఆ ఏజెంటే. గోనెసంచిలో పెట్టుకుని మూతి కట్టినాడు. వరండాలో నన్ను చూసి ఆగి, "మా పాప కూడా ఇదే క్లాసమ్మా, కాట్పాడిలో. దానికీ పుస్తకం లేదు. కంపెనీ మాకు ఇయ్యదు" అన్నాడు. ఆ మాట ఎందుకు చెప్పినాడో నాకు అప్పుడు తోచలేదు. సంచి భుజానికెత్తుకుని స్టేషను వైపు నడిచి పోయినాడు.

తప్పయిందని రాసియ్యాల్సిన కాగితం నాయనే రాసినాడు, నా తరఫున ఒకటి, తన తరఫున ఒకటి. మా దగ్గర ఉంచుకోను ఇంకో ప్రతి తీసినాడు. సంతకం పెట్టను నేను తీసుకుని చూస్తే, ఆ ప్రతి కింద అలవాటున 'అసలుకు సరియైన నకలు' అని రాసి ఉన్నాడు. చూసుకుని కొట్టేసినాడు. ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఆ తర్వాత ఇంట్లో మాత్రం కలం పట్టలేదు, అమ్మ పుట్టింటికి జాబులు కూడా నేనే రాయాల్సొచ్చేది. జెల్లీ పళ్ళాన్ని అమ్మ కడిగి అటక మీద పెట్టింది.

వకీలు చెప్పిన దారే మిగిలింది. రోజూ గంట కొట్టంగానే పాఠాన్ని నల్లబోర్డు మీద రాసేదాన్ని, పిల్లోళ్ళు పలకల మీద రాసుకునేవాళ్ళు. నోటుబుక్కులు ఉన్నోళ్ళు ఐదారుగురు. పలక నిండినాక తుడిస్తేనే మిగతాది రాయను వీలవుతాది. కాబట్టి రాసిన సగాన్ని అక్కడికక్కడే బట్టీ పట్టి తుడిచేసేవాళ్ళు. రాయడంలోనే గంట అయిపోయేది, చెప్పను టైము మిగిలేది కాదు. నీవా సంగతి మాత్రం బోర్డు మీద పాలారు అనే రాసినాను. అది నా రాత, కాబట్టి దిద్దుకున్నాను.

బోర్డు మీద పాఠం బడికి వచ్చినోళ్ళకే. పల్లె పాప రాని దినం పాఠం మర్నాటికి ఎవురి పలక మీదా ఉండేది కాదు. నేను బడి వదిలినాక కూర్చోబెట్టి చెప్తానన్నాను. రెండు సార్లు చెప్పినాను. చీకటి పడేలోపు ఇల్లు చేరాలని వాళ్ళ నాయన కోప్పడినాడంట, మూడోసారి ఉండలేదు. మూడు నెలల పరీక్షలో భూగోళం తప్పింది. తర్వాత వారానికి రెండు దినాలు వచ్చింది, ఆ తర్వాత ఒక దినం. ఇంక రాలేదు.

ఒక ఆదివారం వాళ్ళ పల్లెకు పోయినాను. ఆ పాప చేలో అమ్మతో కలిసి, పెరికిన వేరుశనగ చెట్ల నుంచి చెనిక్కాయలు కోస్తా ఉంది. నన్ను చూసి లేచి కొంగుతో చేతులు తుడుచుకుంది. వాళ్ళమ్మ నీడలో గోనె పరిచి కూర్చోమంది.

"దానికి చదువు ఎక్కడం లేదంట కదమ్మా. ఇంక ఎందుకు నడిపించేది అంత దూరం?"

"ఎక్కక కాదమ్మా. బాగా చదివే పాప" అన్నాను.

"మరి తప్పింది కదా."

పాపను అడిగినాను. "బడికి వస్తే పాఠం అయిపోయుంటాది టీచరమ్మా" అంది. అంతే అంది. మళ్ళీ కాగితాలు ఇస్తానని నేను చెప్పలేను. ఇయ్యనని రాసి సంతకం పెట్టినదాన్ని. పుస్తకం వచ్చినాక తెచ్చిస్తానన్నాను. ఎప్పుడొస్తాదని వాళ్ళమ్మ అడిగింది. తెలీదన్నాను. వచ్చేటప్పుడు ఒక గుడ్డలో చెనిక్కాయలు మూటకట్టి ఇచ్చినారు, వద్దన్నా వినలేదు.

కొత్త పుస్తకాలు ఏడాదిన్నరకు వచ్చినాయి. అప్పటికి ఆ నలభై మందిలో దాటినోళ్ళు ఆ తరగతి దాటిపోయినారు. దానికి చాలా ముందే, నేను పల్లె నుంచి వచ్చిన మర్నాడు, హెడ్‌మిస్ట్రెస్ హాజరు పట్టీ చూసి, ఆ పాప పేరు కొట్టెయ్యమంది. ఇంకో వారం చూద్దామండీ అన్నాను. చూసినాను. వారం దాటినాక కొట్టేసినాను.